పరారీలో ఉన్న తాబేలు

ఒక పెద్ద అడవిలో చట్టం వచ్చి అప్పటికి మూడేళ్ళయింది. అంతకుముందు బలమున్నది బలంలేనిదాన్ని ఊరికే తినేసేది. చట్టం వచ్చాక అలా కుదరదు. తిన్న సంగతి ఎవరైనా ఫిర్యాదు చేస్తే కేసు కడతారు. కేసు కడితే వాయిదా వేస్తారు. వాయిదాకి రాకపోతే వారెంటు వేస్తారు. అడవి చాలా ముందుకు పోయిందని అందరూ సంతోషించారు, ముఖ్యంగా తినేవాళ్ళు.

ఆ అడవికి పడమటి కొసన రెల్లుమడుగు. అందులో కూర్మయ్య అనే తాబేలు ఉండేవాడు. నూట ఇరవై ఏళ్ళవాడు. ఎవరి జోలికీ పోడు. పొద్దున ఒడ్డెక్కితే మధ్యాహ్నానికి ఒళ్ళు వేడెక్కేది. అప్పుడు మళ్ళీ నీళ్ళలోకి దిగే ఆలోచన మొదలుపెట్టేవాడు.

ఆ ఒడ్డునే గులకరాళ్ళ మధ్య పైడమ్మ అనే తీతువు నాలుగు గుడ్లు పెట్టుకుంది. ఒకరోజు ఆమె మేతకి వెళ్ళగానే పట్టాభి అనే ఉడుము వచ్చాడు. కూర్మయ్య పదడుగుల దూరంలో ఉన్నాడు. "ఒరే, ఒరే! ఆగరా!" అని అరుస్తూ బయలుదేరాడు. ఆ పదడుగులూ నడిచి చేరేసరికి నాలుగు పెంకులు మిగిలాయి. పట్టాభి మూతికంటిన సొన తుడుచుకుని, "నమస్కారం తాతగారూ" అని వెళ్ళిపోయాడు.

పైడమ్మ వచ్చి పెంకుల మధ్య నిలబడింది. ఏడవలేదు. ఒక్కో పెంకునూ ముక్కుతో ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"నీ గుడ్లు కాపాడలేకపోయాను తల్లీ," అన్నాడు కూర్మయ్య. "నా కాళ్ళతో అయ్యే పని కాదది. కానీ చూసింది చూసినట్టు చెప్పడానికి కాళ్ళతో పని లేదుగా. కేసు పెట్టు. సాక్ష్యం నేను చెప్తాను."

కాళ్ళతో పని ఉందని అప్పటికి ఆయనకు తెలియదు.

కేసు పెట్టిన కొన్నాళ్ళకు ఒక కాకి వచ్చి ఆయన డిప్ప మీద వాలి, ఒక కాగితం ముందు పడేసింది. సమను. 'రాబోవు పౌర్ణమి నాడు ఉదయం పది గంటలకు తూర్పు కొసనగల ఏనుగుగుండు కోర్టునందు సాక్షిగా హాజరు కావలెను. తప్పినచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును.'

"పౌర్ణమికి ఎన్నాళ్ళుంది బాబూ?"

"పన్నెండు రోజులు."

"కోర్టు ఎంత దూరం?"

"నాకైతే ఒక పూట. లేడికైతే రెండు పూటలు."

కూర్మయ్య కళ్ళు మూసుకుని లెక్క వేసుకున్నాడు. "నాకు నాలుగు నెలలు. ఆ మాట కాస్త వాళ్ళకి చెప్పి పుణ్యం కట్టుకో నాయనా."

"నా పని కాగితం ఇవ్వడం. తిరుగు కబురు మోయడం కాదు," అని కాకి ఎగిరిపోయింది.

కూర్మయ్య ఆ క్షణమే బయలుదేరాడు.

పౌర్ణమి వచ్చింది. ఏనుగుగుండు కింద కోర్టు కూర్చుంది. జడ్జి ఏనుగమ్మగారు ధర్మాత్మురాలు. పక్షపాతం అనేది ఎరగదు. కాగితంలో ఉన్నది నమ్ముతుంది, కాగితంలో లేనిదాన్ని నమ్మదు. అంతే.

"సాక్షి కూర్మయ్యా! కూర్మయ్యా! కూర్మయ్యా!" అని బంట్రోతు మూడుసార్లు కేక వేశాడు.

"దారిలో ఉన్నాడమ్మగారూ," అంది పైడమ్మ. "పొద్దున కూడా చూసొచ్చాను. నడుస్తూనే ఉన్నాడు."

"సాక్షి తరఫున ఫిర్యాది చెప్పే మాట చెల్లదు. ముద్దాయి వచ్చాడా?"

"చిత్తం, వచ్చానమ్మగారూ!" పట్టాభి భుజం మీద కండువాతో లేచి చేతులు జోడించాడు. తెల్లారకుండానే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

ఏనుగమ్మగారికి ముచ్చటేసింది. "ముద్దాయే బుద్ధిగా వస్తుంటే సాక్షికి ఏం వచ్చింది? బెయిలబుల్ వారెంటు వేయండి."

పైడమ్మ ఎగిరొచ్చి ఈ కబురు చెప్పేసరికి కూర్మయ్య మోదుగచెట్ల వాగు దగ్గర ఉన్నాడు.

"వారెంటా? నేను చూశానన్నాను గానీ తిన్నానని చెప్పలేదే!"

"నాకేం తెలుసు తాతా. బెయిలబులట."

"అంటే మంచిదా, చెడ్డదా?"

"పేరు వింటే మంచిదానిలాగే ఉంది," అంది పైడమ్మ, కాస్త అనుమానంగానే.

ఆ వారెంటు ఇన్‌స్పెక్టరు వీరభద్రం చేతికి వెళ్ళింది. వీరభద్రం తోడేలు. మీసాలు మెలితిప్పుకుని ఉంటాడు. చట్టం ప్రకారం ఆయన రెల్లుమడుగుకి వెళ్ళి, తాబేలుకి కాగితం చూపించి, పూచీకత్తు రాయించుకుని, ఫలానా వాయిదాకి రమ్మని చెప్పి రావాలి. కానీ రెల్లుమడుగు దారంతా మోకాలి లోతు బురద. ఆయన కొత్త బూట్లు వేసుకుని ఉన్నాడు. కుర్చీలోంచి కదలకుండానే 'ఇంటి వద్ద లేడు' అని రాసి పంపేశాడు. అబద్ధం రాశాననుకున్నాడు గానీ అది నిజమే. ఉద్యోగంలో చేరాక ఆయన రాసిన మొదటి నిజం, అదీ పొరపాటున.

రెండో పౌర్ణమికి నాన్‌బెయిలబుల్ వారెంటు వచ్చింది. 'ఈసారి పట్టుకురాకపోతే కారణం వివరించవలెను' అని కింద ఒక వాక్యం కూడా ఉంది. వీరభద్రం ఆలోచించాడు. వెళ్ళలేదని రాస్తే మాట పడాలి. వెళ్ళి పట్టుకోలేకపోయానని రాస్తే సానుభూతి వస్తుంది. ఎంత గట్టివాడిని పట్టుకోలేకపోతే అంత గౌరవం.

అందుకని ఇలా రాశాడు: 'సదరు కూర్మయ్య ఆరడుగుల మనిషి. ఎర్రటి కళ్ళు. మమ్మల్ని చూడగానే గాలిలా పరుగెత్తాడు. ప్రాణాలకు తెగించి రెండు కొండలు దాటి వెంబడించాం. కంటికి కనపడనంత వేగంగా తప్పించుకుపోయాడు.' అడవి జంతువు మీద రాసేటప్పుడు 'మనిషి' అని పడిందని కూడా చూసుకోలేదు. రిపోర్టు చదివిన సింహం దొరవారికి ఒళ్ళు గగుర్పొడిచింది. వీరభద్రానికి ఒక పతకం, ఇద్దరు నక్క కానిస్టేబుళ్ళతో ఒక ప్రత్యేక దళం మంజూరు చేశారు.

ఆ దళం వెతుకుతూ వెతుకుతూ ఒక మిట్టమధ్యాహ్నం కూర్మయ్యకే ఎదురొచ్చింది.

"ఏయ్ ముసలోడా! ఈ దారిన ఓ తాబేలు పారిపోవడం చూశావా?"

"ఏ తాబేలు బాబూ?"

"రెల్లుమడుగు కూర్మయ్య."

"నేనే నాయనా ఆ కూర్మయ్యని!"

నక్కలు వారెంటు తీసి చదువుకున్నాయి. ఆయన్ని పైనుంచి కిందికి చూశాయి. దానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఆరడుగులట. నువ్వు జానెడున్నావు. ఎర్రటి కళ్ళట. నీ కళ్ళు పుసులు కట్టి ఉన్నాయి. ఎక్కడికి పోతున్నావు?"

"కోర్టుకి."

నక్కలు పడీపడీ నవ్వాయి. "పరారీలో ఉన్నవాడు కోర్టు వైపు పోతాడా? ఆ పేరు చెప్పుకుని గొప్ప కొట్టుకునేవాళ్ళు ఎక్కువైపోయారు. పో పో, దారికి అడ్డం లే!" అంటూ ఆయన మీదుగా దూకి, రెల్లుమడుగు వైపు పరుగెత్తాయి.

కూర్మయ్య చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. నూట ఇరవై ఏళ్ళలో తాను తాను కాదనిపించుకోవడం ఇదే మొదటిసారి. తర్వాత తల లోపలికి ముడుచుకుని, లోపల ఉన్నది తనే అని ఖాయం చేసుకుని, మళ్ళీ నడిచాడు.

మూడో పౌర్ణమి మర్నాడు పైడమ్మ వచ్చింది. రెక్కలు వాలిపోయి ఉన్నాయి.

"తాతా, నిన్ను పరారీ ముద్దాయివని చాటింపు వేశారు. కోతి డప్పు కొట్టి మరీ చెప్పింది. నీ మడుగు జప్తు చేస్తారట." కాస్త దగ్గరికి జరిగింది. "అదీ కాక, వచ్చే పౌర్ణమికి సాక్షి రాకపోతే కేసు కొట్టేస్తామన్నారు. పట్టాభి అప్పుడే నవ్వుతున్నాడు. మళ్ళీ గుడ్లు పెట్టే కాలం వస్తోంది తాతా. వాడు బయట తిరుగుతుంటే నేనెక్కడ పెట్టేది?"

కూర్మయ్య ఆ రోజు నుంచి ఎండలో ఆగడం మానేశాడు. రాళ్ళదారిలో పొట్ట కింద డిప్ప గీసుకుపోయింది. ఇంకో వాగు దాటుతుంటే తిరగబడి, వెల్లకిలా పడి, ఒక పూటంతా ఆకాశం చూశాడు. పైడమ్మ ఓ దున్నపోతుని బతిమాలి కొమ్ముతో బోర్లా వేయించింది. నాలుగో పౌర్ణమి నాటి పొద్దున, తొమ్మిది గంటలవేళ, ఏనుగుగుండు చేరాడు.

కోర్టు గోడ కింద శరభయ్య అనే ఏదుపంది కూర్చుని ఉన్నాడు. అర్జీలు రాయడం ఆయన వృత్తి. కలం కావలసినప్పుడల్లా వీపు మీంచి ఒక ముల్లు పీక్కుంటాడు. మూడేళ్ళుగా రాసీ రాసీ వీపు సగం బోడిగా ఉంది.

కూర్మయ్య కథంతా చెప్పాడు. "లోపలికెళ్ళి లొంగిపోతాను బాబూ. ఏ జైలైనా ఫర్వాలేదు. ముందు సాక్ష్యం చెప్పనిస్తే చాలు."

"తొందరపడకండి తాతగారూ," అన్నాడు శరభయ్య. ఆ మాట కూర్మయ్యతో ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. "విన్న కబురు మీద లొంగిపోతే, వినని కబుర్లు కూడా నెత్తిన పడతాయి. ముందు మీ పేరు మీద ఏముందో రికార్డులో చూసుకుందాం."

"నాన్‌బెయిలబుల్ అన్నారు. అంటే ఇక బెయిలే రాదుగా?"

"అదే అందరూ పడే పొరపాటు. మొదటిదానికి పోలీసే పూచీకత్తు తీసుకుని వదలచ్చు. రెండోదానికి వదలాలో వద్దో జడ్జిగారు చెప్పాలి. అంతే తేడా. వారెంటు వేసిన జడ్జి ముందుకే వెళ్ళి, ఎందుకు రాలేకపోయామో చెప్పుకుంటే వారెంటు వెనక్కి తీసుకుంటారు. ఇంకో మాట. ఎవరైనా మిమ్మల్ని పట్టుకోవడానికి వస్తే, ముందు వారెంటు చూపించమనండి. పేరుండాలి, నేరముండాలి, జడ్జిగారి ముద్ర ఉండాలి."

రికార్డు గదిలో కొండముచ్చు కోదండం ఉన్నాడు. చుట్టూ కాగితాల కట్టలు, కట్టల చుట్టూ చెదలు.

"ఎవరి రికార్డు?" అన్నాడు తలెత్తకుండా.

"రెల్లుమడుగు కూర్మయ్యది. అడిగేది ఆయనే."

"కుదరదు. ఆయన పరారీలో ఉన్నాడు. పరారీలో ఉన్నవాడు ఇక్కడికెలా వస్తాడు?"

"అయితే అడిగేది నేను," అన్నాడు శరభయ్య. "కోర్టు వేసిన వారెంటు ఎవరైనా చూడచ్చు. అర్జీ ఇదిగో. పేరు, తండ్రి పేరు, ఊరు, సంవత్సరం అన్నీ రాశాను."

కోదండం గొణుక్కుంటూ మూడు కట్టలు దులిపి, నాలుగోది విప్పాడు. చదువుతూ చదువుతూ కూర్మయ్య వంక ఒక రకంగా చూశాడు.

"ఒక వారెంటు. దానికి తోడు ఆరు కేసులు."

"ఆరా!" కూర్మయ్యకి మెడ పూర్తిగా బయటికొచ్చింది.

"ఎలుగుబంటి ఇంట్లో దొంగతనం. గోడ దూకి పారిపోయాడు. మామిడితోపులో అల్లరి, కొమ్మ మీంచి కొమ్మ మీదకి గెంతాడు. మద్దిచెట్టు చిటారుకొమ్మన తేనెపట్టు..." కోదండం ఆగాడు. "తాతా, నువ్వు చెట్టెక్కుతావా?"

"గట్టు ఎక్కడమే గగనం నాయనా."

శరభయ్య తలూపాడు. "పరారీలో ఉన్నవాడు కాదనడు కదా. తేలని కేసులన్నీ తెచ్చి మీకు తగిలించాడు వీరభద్రం. వీటన్నిటికీ ముద్ర వేసిన నకళ్ళు ఇప్పించండి కోదండంగారూ."

నకళ్ళు చేతిలో పడ్డాయో లేదో, తాబేలు కోర్టుకొచ్చాడని ఎవరో చెప్పగా వీరభద్రం రొప్పుతూ వచ్చాడు. కూర్మయ్య అసలు రూపం ఆయన చూడడం అదే మొదలు. మొహం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని, పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, నీ మంచికే చెప్తున్నా. వెనక్కి వెళ్ళిపో. ఆ వారెంటు అలాగే ఉంటుంది. నిన్నెవరూ పట్టుకోరు, మడుగు జోలికీ రారు, నాదీ పూచీ. పరారీలో ఉన్నవాడంత సుఖంగా ఈ అడవిలో ఎవడూ లేడు. ఎండ కాచుకో. చేపలు తిను. నీకెందుకీ గోల?"

కూర్మయ్యకి ఒక్క క్షణం మడుగు గుర్తొచ్చింది. నాలుగు నెలల నడక కాళ్ళలో సలుపుతోంది. పైకి చూశాడు. గోడ మీద పైడమ్మ కూర్చుని ఉంది. ఆమె ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆయనకు కష్టమనిపించింది.

"చెప్తానన్నాను బాబూ," అన్నాడు. "చెప్పి వెళ్తాను."

"అయితే పద! ఇప్పుడే అరెస్టు చేస్తున్నా!" వీరభద్రం కోరలు బయటపెట్టాడు.

"వారెంటు చూపించండి," అన్నాడు కూర్మయ్య తల సగం డిప్పలోకి లాక్కుని.

వీరభద్రం జేబులు తడుముకున్నాడు. వారెంటు దళం దగ్గర ఉంది. దళం రెల్లుమడుగులో, మోకాలి లోతు బురదలో, ఆరడుగుల తాబేలు కోసం కాపు కాస్తోంది.

ఆయన బుర్ర గోక్కుంటుండగానే లోపల బంట్రోతు కేక వినిపించింది. "సాక్షి కూర్మయ్యా!"

"వస్తున్నా!" అని కూర్మయ్య బయలుదేరాడు. రెండో కేక అయింది. మూడో కేక అయింది. ఏనుగమ్మగారు కలం తీసి కేసు కొట్టేస్తున్నట్టు రాయబోతుండగా, తాబేలు తల గుమ్మం దాటింది.

పట్టాభి కండువా సర్దుకోవడం ఆపేశాడు.

"ఎవరు నువ్వు?" అని అడిగింది ఏనుగమ్మగారు.

"కూర్మయ్యని తల్లీ. పిలిచారట. ఆలస్యమైంది."

"ఇతను కాదమ్మగారూ!" వెనకనుంచి వీరభద్రం అరిచాడు. "అసలువాణ్ణి నేను కళ్ళారా చూశాను."

శరభయ్య నకళ్ళు అందించాడు. ఏనుగమ్మగారు ఒక్కొక్కటే చదివింది. కాగితం మీద ఉన్న తాబేలు ఆరడుగులు. ఎదురుగా ఉన్నది జానెడు. ఆమె జీవితంలో మొదటిసారి కాగితం మీంచి తలెత్తి, మళ్ళీ కాగితం వంక అనుమానంగా చూసింది.

"కాకిని పిలవండి."

కాకి వచ్చి, ఈ డిప్ప మీదే వాలి సమను ఇచ్చానని, నాలుగు నెలలు పడుతుందని ఈయన ఆరోజే చెప్పాడని ఒప్పుకుంది. "ఎవరూ అడగలేదు కనక నేను చెప్పలేదు," అంది.

"గుమ్మం దగ్గర్నుంచి బోను దాకా నడువు," అంది ఏనుగమ్మగారు తాబేలుతో.

కూర్మయ్య నడిచాడు. కోర్టంతా చూస్తూ కూర్చుంది. కొందరు ఆవలించారు. బంట్రోతు కునుకు తీసి లేచాడు. కూర్మయ్య బోను చేరేసరికి ఎండ గుమ్మంలోంచి గోడ మీదకి జరిగింది.

"వీరభద్రం," అంది ఏనుగమ్మగారు నెమ్మదిగా. "నీ రిపోర్టు తప్పయినా అయి ఉండాలి, లేకపోతే నువ్వు ఇతని కంటే నిదానమైనా అయి ఉండాలి. ఏది?"

వీరభద్రం లెక్క వేసుకున్నాడు. తప్పుడు రిపోర్టంటే ఉద్యోగం పోతుంది. జైలు కూడా. నిదానం అంటే పరువు మాత్రమే పోతుంది. ఆ అడవిలో పరువు పోయినవాళ్ళు చాలామంది ఉద్యోగాల్లోనే ఉన్నారు.

"నేనే నిదానమమ్మగారూ," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"గట్టిగా."

"తాబేలు కంటే నేను నిదానం!"

"రాసుకోండి. వారెంటు రద్దు. చెట్టెక్కిన కేసులు, గోడ దూకిన కేసులు అన్నీ ఇతని పేరు మీంచి కొట్టేయండి. జప్తు లేదు. ఇక సాక్షి చెప్పవచ్చు."

కూర్మయ్య చెప్పాడు. చూసింది చూసినట్టు. నాలుగు గుడ్లు, సొన అంటిన మూతి, 'నమస్కారం తాతగారూ' అన్న మాటతో సహా. చెప్పడానికి చాలాసేపే పట్టింది. ఈసారి ఎవరూ ఆవలించలేదు. గోడ మీద పైడమ్మ కళ్ళు మూసుకుని వింది.

పట్టాభికి రెండేళ్ళ జైలు పడింది. "ఒక్క వాయిదా కూడా తప్పలేదమ్మగారూ! ఒక్కటి కూడా!" అని గగ్గోలు పెడుతూ, బోను చెక్కని గోళ్ళతో పట్టుకున్నాడు. ఉడుంపట్టు. నలుగురు లాగినా ఊడలేదు. చివరికి బోనుతో సహా మోసుకుపోయి జైల్లో పెట్టారు. అప్పట్నుంచి ఆ కోర్టులో సాక్షులు నేల మీదే నిలబడుతున్నారు.

ఇక వీరభద్రం. కోర్టు రికార్డు ఎవరైనా చూడచ్చని అప్పటికి అడవంతా తెలిసిపోయింది. మర్నాడే కుందేళ్ళు వరస కట్టి, 'తాబేలు కంటే నేను నిదానం' అన్న కాగితానికి నకళ్ళు తీసుకున్నాయి. తోడేలు ఆగమంటే ఆగడం మానేసి, నకలు చూపించి నడిచిపోతున్నాయి. ఆ అర్జీలన్నీ రాసేసరికి శరభయ్య వీపు మీద ముళ్ళు మూడే మిగిలాయి. దొరవారు పతకం వెనక్కి తీసుకోలేదు. పతకంతో సహా వీరభద్రాన్ని రికార్డు గదిలో చెదలు దులపడానికి వేశారు. అక్కడ ఆయన నిదానం బాగా పనికొచ్చిందని కోదండం అంటాడు.

కోర్టు ముగిశాక పైడమ్మ కూర్మయ్య పక్కన వాలింది. "పద తాతా, మన మడుగుకి పోదాం. నేను పైన ఎగురుతూ తోడొస్తాను."

కూర్మయ్య కోర్టు గోడ వెనక చూశాడు. వానకి నిండిన చిన్న నీటిగుంట ఉంది. ఒడ్డున గులకరాళ్ళు కూడా ఉన్నాయి.

"ఇక్కడే ఉంటానమ్మా. పట్టాభి అప్పీలు వేస్తాడట. నేను ఇంటికి బయలుదేరితే దారిలో ఉండగానే సమను వస్తుంది. మళ్ళీ పరారీలో పడతాను." అని మెల్లగా గుంటలోకి దిగాడు. "నువ్వూ ఇక్కడే పెట్టుకో గుడ్లు. ఈసారి పక్కనే, మూడడుగుల్లో పెట్టు."

పైడమ్మ అలాగే చేసింది.

నీతి: నిజం చెప్పదలచుకున్నవాడు ముందుగా కోర్టు పక్కన ఇల్లు చూసుకోవాలి.